సిగ్నల్ చెయ్యి కోసం మూడు రోజులు

2025 ఫిబ్రవరి 11, మంగళవారం, ఉదయం ఆరు గంటల నలభై నిమిషాలకు తిరుమలగిరి బస్టాండులో సూర్యాపేట బస్సు ఎక్కాను. చేతిసంచిలో రెండు చీరలు, బీపీ మాత్రలు, ఒక భూతద్దం, నోటుపుస్తకం, స్టీలు స్కేలు ఉన్నాయి. ముప్పై ఐదేళ్లు బడిలో లెక్కలు చెప్పినదాన్ని, స్కేలు లేకుండా ఊరు దాటే అలవాటు లేదు. నాకు డెబ్బై నాలుగు నిండాయి.

బయలుదేరింది ఒక ఫోటో కోసం. రైలు గేటు దగ్గర పూర్వం ఉండే సిగ్నల్ కంబం ఫోటో. ఈ కాలం పిల్లలు వాటిని చూసి ఉండరు కాబట్టి చెబుతున్నాను. ఎత్తయిన కంబానికి పైన ఒక ఇనుప చెయ్యి ఉండేది. చెయ్యి అడ్డంగా ఉంటే రైలు ఆగాలి, కిందికి వాలి ఉంటే రావచ్చు. ఇప్పుడు రంగు లైట్లు వచ్చాయి, చాలా గేట్ల చోట రోడ్డు రైలు కిందికి దిగింది, ఆ చేతులన్నీ పాత ఇనుములో పోయాయి. నాకు తెలియాల్సింది వాటిలో ఒక్క చెయ్యి సంగతి. 1991 నవంబరు 21, గురువారం, పొద్దున ఆరున్నరకు అది అడ్డంగా ఉందా, వాలి ఉందా?

ఆ గేటు మనిషి మా తమ్ముడు యాదగిరి. మిర్యాలగూడకు ఇవతల పొలాల మధ్య ఉండేది ఆ గేటు. రైలు వస్తుందంటే ముందు గేటు వెయ్యాలి, ఆ తర్వాత మీట లాగి చెయ్యి దించాలి. ఆ గేటులో ఈ రెండింటినీ కలిపే తాళం ఉండేది కాదు, వరస తప్పకుండా చూసుకోవలసింది మనిషే. ఆ పొద్దున వడ్ల బస్తాల ఎడ్లబండి ఒకటి పట్టాల మీద ఉండగా రైలు వచ్చింది. రెండు ఎడ్లు, బండి తోలే లింగయ్య చనిపోయారు. గేటు తెరిచి ఉండగానే తమ్ముడు చెయ్యి దించాడని విచారణలో రాశారు. దించలేదని తమ్ముడు చెప్పాడు. ప్రమాదం తర్వాత మీటను ఎవరూ ముట్టలేదని, ఆ పొద్దున తీసిన ఫోటోలో చెయ్యి వాలి ఉందని వాళ్లు చెప్పారు. ఆ ఫోటో మాకు చూపించలేదు. ఉద్యోగం పోయింది, తర్వాత అతను ఒక రైసుమిల్లులో వాచ్‌మన్‌గా చేరాడు.

ఆ రోజుల్లో అతను తిరుమలగిరి వచ్చి నన్ను ఒకటే కోరాడు. "నువ్వన్నా అనక్కా, నేను దించలేదని. నువ్వంటే నలుగురు నమ్ముతరు." నేను చూడలేదు కదా యాదీ, చూడనిది ఎట్లా అంటాను అన్నాను. అది నిజమే. అతను ఇంకేమీ అడగకుండా అన్నం తిని వెళ్లిపోయాడు. ఫోటో వెతుకుదామని ఒకటి రెండు సార్లు అనుకున్నాను, వెతకలేదు. చెయ్యి వాలి ఉంటే ఏం చేయాలో తెలియక వెతకలేదు.

ఫిబ్రవరి 9 ఆదివారం తమ్ముడి కూతురు సునీత ఫోన్ చేసింది. తమ్ముణ్ని దవాఖానలో ఇక ఇంటికి తీసుకుపొమ్మన్నారట. ఫోన్ తండ్రికి ఇచ్చింది. గొంతు సన్నగా వచ్చింది. "అక్కా, ఆ చెయ్యి నేను దించిన్నా? నాకు యాదికొస్తలేదు."

ముప్పై మూడేళ్లు దించలేదని చెప్పిన మనిషి నన్ను ఆ మాట అడిగాడు. అందుకే బయలుదేరాను.

రైలు లేని సూర్యాపేట

బస్సులో పక్కన కూర్చున్న ఆమె కూతురి కాన్పుకు వెళుతోంది. ఎందాక అంటే సూర్యాపేట అన్నాను. ఎందుకంటే రైలు గేటు ఫోటో కోసమన్నాను. ఆమె ముందు సీటులోని వాళ్లను కూడా తట్టి పిలిచి నవ్వింది. "సూర్యాపేటకు రైలే లేకపాయె పెద్దమ్మా. చేపల కోసం మన తిరుమలగిరి బోరు కాడికి వచ్చినట్టున్నది నీ కథ."

ఆమె మాటలో తప్పు లేదు. నేను తిరగబోయే మూడు పట్నాల్లో సూర్యాపేటకు రైలు లేదు, కోదాడకు లేదు, మిర్యాలగూడకే ఉంది. కానీ ఆ పొద్దున ఫోటో తీసిన సత్యం 1996లో మిర్యాలగూడలో స్టూడియో ఎత్తేసి సూర్యాపేటకు వచ్చాడు. ఇప్పుడు ఆయన లేడు. స్టూడియో ఉన్న చోట జిరాక్స్, ఆధార్ ప్రింట్లు, పాస్‌పోర్టు ఫోటోలు అని బోర్డు ఉంది. బస్టాండు ఎదురుగా ప్లేటు ఇడ్లీ నలభై రూపాయలు, చట్నీలో పల్లీలకన్నా నీళ్లు ఎక్కువ. తిని, అడుగుతూ అడుగుతూ తొమ్మిదింటికి అక్కడికి చేరాను.

సత్యం భార్య రత్నమ్మ కొట్టు వెనక గదిలో ఉంటుంది. నాకన్నా నాలుగేళ్లు చిన్న. ఒక కంటికి శుక్లం తీశారు, రెండో కంటికి తీయాలి. నేనెవరో చెప్పలేదు. పాత రైలు గేట్ల ఫోటోలు కావాలన్నాను, అంతే. ఆమె సంతోషంగా కూర్చోబెట్టి జొన్నరొట్టె, పచ్చిపులుసు పెట్టింది. మా వైపు పచ్చిపులుసులో నువ్వుల పొడి వేస్తారు, ఆమె వెయ్యలేదు, దానికి బదులు ఉల్లిగడ్డ కాల్చి పిసికింది. బాగుంది.

సత్యానికి సిగ్నళ్ల పిచ్చి అని చెప్పింది. పెళ్లి ఫోటోలకు సైకిలు మీద పోతూ దారిలో గేటు కనబడితే ఆగేవాడట. పెళ్లివాళ్లు కొన్న రీల్లో రెండు ఫోటోలు గేటుకు ఖర్చయ్యేవట. "నన్ను ఒక్క ఫోటో మంచిగ తియ్యలే అక్కా. కంబాలను మాత్రం ముద్దుగ తీసేటోడు."

ఆమె పని వేరు. ఫోటోలు దిద్దడం. మా కాలంలో బతికి ఉండగా ఫోటో దిగనివాళ్లే ఎక్కువ. ప్రాణం పోయాక స్టూడియో మనిషిని పిలిచేవాళ్లు. మా తిరుమలగిరిలో అయితే కళ్లు మూసుకున్న ఫోటోనే గోడకు పెట్టుకుంటాం, మా అమ్మది ఇప్పటికీ అట్లాగే ఉంది. మిర్యాలగూడ వైపు అట్లా కాదట. కళ్లు తెరిచి ఉండాలి. రత్నమ్మ ఆ ఫోటోలో మొహం వరకు కత్తిరించి, అట్టకు అంటించి, చుట్టూ ఆకాశం రంగు వేసి, పెన్సిలుతో కళ్లు తెరిపించేది.

ఎవరి కళ్లని చూసి గీసేదానివి అని అడిగాను.

"కొడుకునో బిడ్డనో ముంగట కూసోబెట్టుకుంటుంటి. కండ్లు యాడికి పోతయి అక్కా, పిల్లలకే వస్తయి గద. పిల్లలు లేనోల్లయితే ఇగ నా అందాజ."

గేటు ఫోటోలన్నీ రెండేళ్ల కిందట కోదాడ నుంచి వచ్చిన ఒక సారు కొనుక్కుపోయాడట. ఫోన్ నంబరు కొట్టు గోడ మీదే రాసి ఉంది. రాసుకుని, ఆమె ఫోన్ నంబరు కూడా తీసుకున్నాను. గడప దాక వచ్చి, మళ్లీ రా అక్కా అంది. నేనెవరో ఆమెకు అప్పుడే చెప్పి ఉంటే ఒక రోజు కలిసి వచ్చేది. చెప్పలేదు.

కోదాడ సారు గోడలు

కోదాడ బస్సులో నా జీరో టికెట్టు కిటికీ గాలికి ఎగిరిపోయింది. ఆడవాళ్లకు ప్రయాణం ఉచితమే కానీ టికెట్టు చేతిలో ఉండాలి. మునగాల దాటాక చెకింగ్ వాళ్లు ఎక్కారు. నేను ఎక్కగానే టికెట్టు నంబరు, సమయం నోటుపుస్తకంలో రాసుకున్నాను కాబట్టి అది చూపించాను. చెకింగ్ అతను కండక్టరు యంత్రంలో సరిచూసి, ఇంతమందిని చూసిన గానీ జీరో టికెట్టుకు నంబరు రాసుకున్నోల్లను చూడలే అమ్మా అని దిగిపోయాడు. బస్సంతా నన్ను చూసింది.

ఆ రాత్రి కోదాడలో నాతో పనిచేసిన ఒక టీచరు ఇంట్లో పడుకున్నాను. వాళ్ల ఇంట్లో మాట సగం మనది, సగం కృష్ణ అవతలిది. కందిపొడి, నెయ్యి, ఆవకాయ వేసి, ఇంకొంచెం వేసుకోండి అంటూనే ఉన్నారు. నాకు సహించలేదు.

బుధవారం ఉదయం తొమ్మిదిన్నరకు, ఫోటోలు కొన్న ఆ సారు, శేషగిరిరావు గారింటికి వెళ్లాను. ఆయన తపాలా శాఖలో పనిచేసి రిటైరయ్యారు. ఊరికి రైలు లేదు గానీ ముందు గది నాలుగు గోడల మీదా రైలు గేట్ల సిగ్నళ్లే. లెక్కపెట్టాను, గోడల మీద నలభై రెండు, ఆల్బంలో పంతొమ్మిది. ఎక్కడెక్కడి స్టూడియోల నుంచో ఏరి తెచ్చినవి. నాలుగు వైపులా అద్దాలున్న గేటు దీపం, దానికి కిరసనాయిలు పోస్తున్న మనిషి. వానలో తడిసిన గుండ్రటి ఎర్ర పలక. గేటు గొలుసు మీద కూర్చుని పేలు చూసుకుంటున్న ఇద్దరు ఆడవాళ్లు, వాళ్ల వెనక కంబం. ఒక ఫోటోలో సిగ్నల్ చేతి మీద పాలపిట్ట.

"మా ఊరికి రైలు రాలేదండీ. వచ్చుంటే నేను వీటిని పట్టించుకునేవాణ్ని కాదేమో" అన్నారాయన.

ఆయనకు మొత్తం చెప్పాను. తమ్ముడి పేరు, తేదీ, గంట. ఆయన నవ్వు ఆపి, ఆల్బం తెరిచి, కొన్న వరసలో నంబరు 37 వేసుకున్న ఫోటో తీసి నా ముందు పెట్టారు. వెనక సత్యం చేతిరాత. 21-11-91, ఉదయం 8-10.

ఫోటో నలుపు తెలుపు. పై భాగమే ఉంది. కింది భాగాన్ని కత్తెరతో సగం దాకా కత్తిరించి తీసేశారు. కంబం ఉంది, వెనక సూర్యుడు ఉన్నాడు, దూరంగా గేటు ఉంది. కంబం మీద చెయ్యి వాలి ఉంది.

ఆయన కాఫీ తెచ్చిపెట్టారు. అది చల్లారిపోయింది. నేను ఏ ఆలోచనా లేకుండా గోడ మీది ఫోటోలను మళ్లీ మొదటి నుంచి లెక్కపెట్టాను. నలభై రెండే వచ్చాయి. తమ్ముడు దించాడన్నమాట. ముప్పై మూడేళ్లు నేను అనని మాట అనకపోవడమే సరైందన్నమాట. నాకు దానిలో ఏ ఊరటా కలగలేదు.

చేతులు ఊరుకోక భూతద్దం తీశాను. మొదట కనిపించింది మెరుపు. ఫోటోను వెలుతురుకు వంచితే కంబం మెరవలేదు, చెయ్యి మెరిసింది, పెన్సిలు గీత మెరిసినట్టు. అప్పుడు స్కేలు పెట్టాను. అదే రకం కంబాలు గోడ మీద ఏడున్నాయి. కంబం వెడల్పుకు చేతి పొడవు ఏడింటిలోనూ ఒకే లెక్కలో ఉంది. నంబరు 37లో చెయ్యి దాదాపు పావు వంతు ఎక్కువ పొడవు.

"అంటే ఇది గీసిన చెయ్యా అమ్మా?" అన్నారు శేషగిరిరావు గారు. ఆయన తన ఫోటో పాడైనందుకు బాధపడ్డారో, మా తమ్ముడి గురించి బాధపడ్డారో తెలియదు. కూర్చుండిపోయారు.

రత్నమ్మకు ఫోన్ చేశాను. ఈసారి నేనెవరో చెప్పి అడిగాను. కొట్టులో జిరాక్స్ యంత్రం చప్పుడు వినిపిస్తూ ఉంది.

"నేనే గీసిన" అంది. "ఎండకు ఎదురుగ తీసిండు అక్కా. ఆ జాగల మొత్తం తెల్లగ పోయింది, చెయ్యి అవుపడలే. రెండు ఫోటోలు కడిగిండు, రెండిట్లా లేదు. చెయ్యి లేని సిగ్నలిస్తే ఫోటో ఖరాబు జేసిండంటరని నేనే గీసిన."

వాలినట్టు ఎందుకు గీశావు అన్నాను.

"రైలు పోయినంక తీసిన ఫోటో గద. రైలు పోయిందంటే చెయ్యి దిగినట్టే గదా అనుకున్న. ఇంకో తీరు ఉంటదని నాకు తట్టనే లేదు. విచారణల ఈ చెయ్యినే సాక్ష్యం జేసిండ్రని గిప్పుడు నువ్వు చెప్తే తెలుస్తున్నది."

కళ్లు మూసుకున్న వాళ్లకు కళ్లు తెరిపించినట్టే గీసింది. ఆమె మీద నాకు కోపం రాలేదు. తర్వాత తెచ్చుకుందామని చూశాను, అప్పుడూ రాలేదు.

నెగెటివ్ విచారణ వాళ్లు తీసుకుపోయారు, తిరిగి రాలేదు. ఒక ప్రింటు వాళ్లకే పోయింది. మిగిలిన రెండోది ఇది. దీని కింది భాగాన్ని కత్తిరించింది కూడా రత్నమ్మే. గేటు దగ్గర విరిగిన బండి అడ్డంగా ఉండటంతో, జీపు రాగలిగిన చోటికి, సిగ్నల్ కంబానికి ఇవతలికి, లింగయ్యను మోసుకొచ్చి పడుకోబెట్టారట. ఆయనకు వేరే ఫోటో లేదు. ఆయన భార్య వచ్చి అడిగితే ఈ ఫోటోలోంచే మొహం కత్తిరించి, రంగు వేసి, కళ్లు పెట్టి ఇచ్చింది.

ఫోన్ పెట్టేశాక నేను ఫోటో చూస్తూ ఉన్నాను. సూర్యుడు కంబం వెనక ఉన్నాడు. కాబట్టి నీడ ఇటువైపు, కెమెరా వైపు పడుతుంది. కంబం నీడ మొదలు కనిపిస్తోంది, కత్తిరించిన అంచు దగ్గర ఆగిపోయింది. చేతి నీడ పడాల్సింది సరిగ్గా ఆ కత్తిరించిన ముక్కలో. నీడను ఎవరూ గీసి ఉండరు. శేషగిరిరావు గారికి స్కేలుతో చూపించాను. ఆయన తలూపారు.

లింగయ్య ఊరు మాడుగులపల్లి. మిర్యాలగూడ దగ్గరే.

ఊక వాసన

మిర్యాలగూడలో దిగగానే తెలుస్తుంది, ఉడికిన వడ్ల వాసన. గాలిలో నల్లటి ఊకబూడిద. ఉతికిన చీర ఆరేస్తే మచ్చలు పడతాయి. మా తిరుమలగిరిలో బోరు ఎండితే ఊరంతా ఆకాశం చూస్తుంది, ఇక్కడ సాగర్ కాలువలో నీళ్లు ఎప్పుడు వదులుతారని పేపరు చూస్తారు. లారీల వరసను దాటి సునీత ఇంటికి వెళ్లేసరికి సాయంత్రం నాలుగు ముప్పావు.

తమ్ముడు మంచం మీద చిన్నగా అయిపోయాడు. నాకన్నా నాలుగేళ్లు చిన్నవాడు. చిన్నప్పుడు నా దగ్గరే ఎక్కాలు నేర్చుకున్నాడు.

"దొరికిందా అక్కా?" అన్నాడు.

రేపు మధ్యాహ్నానికి తేలుస్తానన్నాను. అతను సరే అన్నాడు. "రేపటిదాక ఆగలేనా" అన్నాడు.

ఆ పొద్దున ఏం జరిగిందో వరసగా చెప్పమని నోటుపుస్తకం తీశాను. చెప్పాడు. బండి రావడం చూశాడు, ఆగమని అరిచాడు, ఎర్రజెండా కోసం గుమ్మటి వైపు, అంటే గేటు పక్క గది వైపు పరుగెత్తాడు. రాసుకున్నాను. కాసేపటికి నీళ్లు తాగి, మళ్లీ మొదటి నుంచి చెప్పాడు. ఈసారి జెండా లేదు. మీట దగ్గర నిలబడి ఉన్నాడు, చెయ్యి మీట మీద ఉంది. ఏది నిజమని అడిగాను. రెండూ కళ్ల ముందు ఉన్నాయన్నాడు.

వంటింట్లో సునీత మెల్లగా చెప్పింది. నిద్రలో కుడి చేత్తో దుప్పటి లాగుతుంటాడట. "లాగుతడు, మళ్ల ఇడిసిపెడ్తడు అత్తమ్మా. దేనికి లాగుతున్నడో, దేనికి ఇడుస్తున్నడో."

మాడుగులపల్లిలో కుడివైపు చెవి

గురువారం, 13వ తేదీ, ఉదయం ఎనిమిదిన్నర. లింగయ్య భార్య సైదమ్మ ఇల్లు ఎవరినడిగినా చూపించారు. ఒక గది, ముందర రేకుల పందిరి. ఆమెకు అరవై ఒకటి ఉంటాయి. నాట్ల కూలికి వెళ్లే మనిషి, ఆ రోజు మోకాలు నొప్పని ఆగింది. పిల్లలు లేరు. నేను గేటు యాదగిరి అక్కనని, బడిలో టీచరుగా చేశానని గడపలోనే చెప్పాను. రత్నమ్మ దగ్గర చేసిన తప్పు మళ్లీ చేయదలుచుకోలేదు.

ఆమె కూర్చోమనలేదు, పొమ్మనలేదు. నేను సంగతి మొత్తం చెప్పాను. చెయ్యి గీసిందని, నీడ సంగతి, ఆ నీడ ఆమె గోడ మీదున్న ఫోటోలో రంగు కింద ఉండవచ్చని. ఆమె చీపురు పట్టుకుని వింటూ నిలబడింది.

"ముప్పై మూడేండ్లు నీ తమ్మున్ని తిట్టుకుంటనే బతికిన. పొద్దుగాల లేస్తే ఒకపారి, పండుకునేటప్పుడు ఒకపారి. ఆడు దించలేదంటే ఇగ నేను ఎవల్ని తిట్టుకోవాలె టీచరమ్మా?"

ఆమె చీపురు మూల పెట్టి, తనే స్టూలెక్కి ఫోటో దింపింది.

ఆకాశం రంగు మధ్యలో లింగయ్య మొహం. ముప్పై ఐదేళ్ల మనిషి. కళ్లు పెద్దవి, తేటగా ఉన్నాయి, కాస్త ఆశ్చర్యపడుతున్నట్టు ఉన్నాయి. సైదమ్మ కొంగుతో అద్దం తుడిచింది. "మావోని కండ్లు గిట్ల ఉండకపోయె. సన్నగుండె. అయినా అలవాటయింది."

ఫ్రేము మేకులు విప్పి అట్ట బయటికి తీశాం. నేను స్కేలు పెట్టి, శేషగిరిరావు గారి ఫోటోలో కొలుచుకున్న లెక్క ప్రకారం చూశాను. చేతి నీడ పడాల్సింది కుడివైపు చెవి పక్కన, నీలం రంగు కింద. రెండు వేళ్ల వెడల్పు మాత్రం తడి దూదితో తుడిస్తే చాలని, చెవిని ముట్టుకోనని చెప్పాను. వద్దంటే మానేస్తానని కూడా చెప్పాను.

ఆమె అట్టను నా వైపు జరిపింది.

"తుడువు. నాకు గూడ తెల్వాలె."

కాచి చల్లార్చిన నీళ్లు, కొత్త దూది. పది నిమిషాలు దూదిని అద్దుతూ ఉన్నాను, రుద్దలేదు. రంగు మెత్తబడి వచ్చింది. దాని కింద బూడిదరంగు నేల ఒక క్షణం కనబడింది. ఒక నల్లటి గీత కూడా కనబడిందని నాకు అనిపించింది. ఆ తర్వాత ఫోటో పైపొర ఉబ్బి, పాల మీద మీగడలా ముడతపడి, దూదితో పాటు లేచివచ్చింది. నేను ఆపేశాను. నేను ఆపినా అది ఆగలేదు. తడి కాగితంలోకి దిగి, చెవి జారింది, చెవి వెంట చెంప సగం జారింది. కింద తెల్లటి కాగితం మిగిలింది.

ముందుగా ఎవరి సెల్‌ఫోనుతోనైనా దానికి ఒక ఫోటో తీయించి ఉంచాలన్న ఆలోచన నాకు రాలేదు. స్కేలు, భూతద్దం, దూది తీసుకెళ్లినదాన్ని, అదొక్కటి ఆలోచించలేదు. తప్పు నాది.

ఆ గీత అడ్డంగా ఉందా, వాలి ఉందా అని సైదమ్మ అడిగింది. తెలియదన్నాను. కనబడింది నీడో, రంగు చారో కూడా చెప్పలేనన్నాను.

ఆమె అట్టను పందిరి కింద ఎండ తగలని చోట ఆరబెట్టింది. ఏడవలేదు. నేను ఆమె చేతులు పట్టుకోబోతే వెనక్కి తీసుకుంది. కాసేపటికి తనే అంది.

"పోనియ్ టీచరమ్మా. కండ్లున్నయి గద."

ఆ కళ్లు రత్నమ్మవి. ఆ మాట నేను అనలేదు.

మిర్యాలగూడ, మధ్యాహ్నం పన్నెండున్నర

తిరుగు బస్సులో ఒక నిర్ణయానికి వచ్చాను. జీవితంలో మొదటిసారి చూడనిదాన్ని చూశానని చెప్పాలని. దాన్ని మనసులో మూడుసార్లు అనుకున్నాను, తడబడకుండా వచ్చేలా.

తమ్ముడు మేలుకునే ఉన్నాడు. సునీత గంజి తాగిస్తోంది. నేను మంచం పక్కన కూర్చుని, దొరికింది యాదీ అన్నాను. చెయ్యి అడ్డంగానే ఉంది, నువ్వు దించలేదు అన్నాను.

అతను నా మొహం చూశాడు. "ఏది, సూపియ్యి."

ఫోటో వాళ్లు ఇవ్వలేదన్నాను. నీడ కొలిచి తేల్చానన్నాను. నోటుపుస్తకం చూపించు అన్నాడు. అందులో నీడ లెక్క ఏమీ లేదు. అతనికి తెలుసు, నేను కొలిస్తే రాసుకోకుండా ఉండనని.

"మధ్యల లెక్క సూపకుంటే మార్కులెయ్యనంటివి గద అక్కా, సిన్నప్పుడు" అన్నాడు. సునీత నవ్వింది, తమాషా అనుకుని. అతను కూడా కొంచెం నవ్వాడు. తర్వాత కళ్లు మూసుకుని అన్నాడు. "గీ మాట గప్పుడు అంటే అందరు నమ్ముదురు. నేను గూడ నమ్ముదును."

గోడ వైపు తిరిగి పడుకున్నాడు. మళ్లీ ఆ సంగతి ఎత్తలేదు. మిగిలిన రోజుల్లో మాట్లాడినవన్నీ నీళ్లు, దుప్పటి, కిటికీ గురించే. ఫిబ్రవరి 17, సోమవారం, ఉదయం తొమ్మిదీ ఇరవైకి పోయాడు. నేను పక్కనే ఉన్నాను. మధ్యాహ్నం స్టూడియో వాళ్లు ఫోటో కావాలా అని అడిగారు. కళ్లు మూసుకున్నట్టే ఉంచండి, ఏమీ దిద్దవద్దని చెప్పాను.

ఇప్పుడు తిరుమలగిరిలో కూర్చుని ఇది రాస్తున్నాను. పోయినవి ఇవి.

నెగెటివ్, ఒకటి.
విచారణకు ఇచ్చిన ప్రింటు, ఒకటి. రెండో ప్రింటులో కింది భాగం.
లింగయ్య కుడివైపు చెవి, ఆ వైపు చెంపలో సగం.
సైదమ్మకు పొద్దున ఒకసారి, రాత్రి ఒకసారి తిట్టుకోవడానికి ఉన్న మనిషి.
స్టీలు స్కేలు, 1974లో కొన్నది. సైదమ్మ పందిరి కింద మరిచిపోయాను. అడగడానికి వెళ్లను.
తమ్ముడు గేటు దగ్గర పనిచేయాల్సిన ఏళ్లు, ఇరవై నాలుగు.
అడిగిన రోజున నేను అనని మాట, ఒకటి.
తమ్ముడు, ఒకడు.